ఉప్పు సూసే మావ

మొన్న నా ఫోనులోకి పాత నవ్వుల సీరియలు ముక్క ఒకటి వచ్చిపడింది. పంపినవాడు రాయగడలో మేము అద్దెకున్న వరస ఇళ్ళలోనే పుట్టి పెరిగినవాడు. ఇప్పుడు తాత అయ్యాడు. దాని కింద, "ఎంత మంచి రోజులవి! అందరమూ ఒక్కచోట కూర్చుని కడుపుబ్బ నవ్వుకునేవాళ్ళం. ఆ ఐకమత్యం ఇప్పుడేది?" అని వ్రాసి, ఆనాటి వరసవాళ్ళమంతా ఒక ఆదివారం కలుసుకుని ఆ సీరియలును పెద్ద తెర మీద వేసుకుని చూద్దామన్నాడు. తెలుగు చదివి, తెలుగు చెప్పి బ్రతికినదానిని గనుక, నన్ను నాలుగు మంచి మాటలు మాట్లాడమన్నాడు. నేను రానన్నాను. ఎందుకు రావని ఒకరి తరువాత ఒకరు అడిగారు. విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. ఒక్కసారే చెబుతున్నాను. అవి నాలుగు మాటలతో సరిపడవు. మంచి మాటలని హామీ కూడా ఇవ్వలేను.

ఆ వరస ఇళ్ళు ఒక షావుకారువి. కాశీపూర్ సంతలోను, ఆ పైని కొండపల్లెలలోను చింతపండు, పసుపు, కొండచీపుర్లు కొని తెచ్చి, మా ఇళ్ళ చివరనున్న గొడౌనులో నింపేవాడు. ఆ కారణం చేత మా బాల్యమంతా పుల్లని వాసన వేసింది. ఆరేసిన బట్ట పులుపు, కుండలోని నీరు పులుపు, వాన వెలిసిన మధ్యాహ్నపు గాలి పులుపు. పిల్లలం బస్తా కుట్టుసందులలోనుండి పుల్లతో చింతపండు లాగి, ఉప్పు అద్దుకుని చప్పరించి, పళ్ళు పులిసిపోయి, అన్నం నమలలేక తల్లుల చేత చీవాట్లు తినేవాళ్ళం. ఆ వరసలోనివారంతా శ్రీకాకుళం వైపునుండో, గుణుపురం దగ్గరి పొలాలు విడిచిపెట్టో వచ్చి, పట్నంలో చేతికందిన పని పట్టుకున్న తెలుగువారు. ఇంట తెలుగు, బజారులో ఒడియా, కొండవారితో దేశియా. ఈ మూడు మాటలతో వారి లోకం నిండిపోయేది. హిందీ ఆ లోకానికి వెలుపల ఉండేది.

హిందీ వచ్చినది మా మేనత్త ఒక్కర్తికే. ఆమె మగడు రైల్వేలో బిలాసపూర్ వైపు పనిచేసేవాడు. ఆయన పోయిన తరువాత ఒక ట్రంకుపెట్టెతో తమ్ముడి ఇంటికి, అంటే మా ఇంటికి వచ్చి, వంటగది పక్కన ఒక చాప మీద స్థిరపడింది. అడ్డాకులు తెచ్చుకుని, ఈనెపుల్లలతో విస్తర్లు కుట్టి హోటళ్ళకు వేసేది. పచ్చి అడ్డాకు వాసన ఆమె చీరను, వేళ్ళను, నా తల దువ్వే చేతిని ఎన్నడూ విడిచేది కాదు. మా అమ్మ వడ్డనలో చివరి ముద్ద ఆమెది. మా నాన్న పలకరింపులో చివరి వంతు ఆమెది. తమ్ముడి ఇంట తలదాచుకున్న ఆడది ఎంత చోటు తీసుకోవచ్చునో, దానికన్న జానెడు తక్కువే తీసుకుని బ్రతికేది.

అట్టి దినాలలో షావుకారు టీవీ కొన్నాడు. తన వైభవం పదిమందీ చూడకపోతే దానికి అర్థం లేదు గనుక, ఆదివారం ఉదయం దానిని గొడౌను వసారాలోకి తెచ్చి బల్ల మీద పెట్టించేవాడు. ఖాళీ గోనెలు పరచుకుని వరస అంతా వచ్చి కూర్చునేది. తెర మీద ఎవరో హిందీలో మాట్లాడేవారు, మేము వారి చీరలు చూసేవాళ్ళం. షావుకారు తల్లికి అదీ లేదు. ఆ ముసలమ్మకు రెండు కన్నులా పొరలు కమ్మి వెలుగునీడలు తప్ప ఏమీ తెలిసేవి కావు. చెవులు మాత్రం పాము చెవులు.

"ఓ అప్పా! నీకు ఇందీ వొచ్చు గదేటి? మా అమ్మ పక్కన కూకుని సెప్పు. ఏటంతన్నారు, ఏటంతన్నారని నన్ను సంపేస్తంది" అని, మావైపు అక్కను పిలిచే పిలుపుతో, షావుకారే మా అత్తను పిలిచాడు. పిలిచినది అతడే. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అత్త విస్తరి చేతిలో పట్టుకునే వెళ్ళి కూర్చుంది. తెరమీద ఒక కొత్త దంపతుల కాపురం. పెళ్ళాం మొగుడి మీదికి తలగడ విసిరింది.

"ఏటైందే?" అన్నది ముసలమ్మ.

"ఆలి మొగుడి మీద తలగడ ఇసిరింది పెద్దమ్మా."

"ఏటికే?"

"పనసపొట్టు కూరలో ఆవ తక్కువైందన్నాడట."

"సెప్పుతో కొట్టక తలగడేటే దానికి!"

"సెప్పులు గుమ్మం బయట ఉన్నాయి పెద్దమ్మా. ఎల్లి తెచ్చుకునేసరికి కోపం సల్లారిపోద్దని, సేతికందింది ఇసిరేసింది."

వసారా అంతా గొల్లున నవ్వింది. అత్త తల ఎత్తలేదు. ఆకులో పుల్ల గుచ్చి విరిచింది. నేను ఆమె మోకాలికి ఆనుకుని కూర్చున్నాను.

అది మొదలు. వారం వారం ఆ హిందీ దంపతులు మావాళ్ళైపోయారు. మొగుడి తల్లి గుణుపురం చిన్న రైలు దిగి, బుట్టలో సోడిపిండి, అంటే రాగిపిండి, మూట పెట్టుకుని వచ్చేది. మొగుడు వెదురుకొమ్ముల కూర వాసనకు మూడు వీధుల అవతలనుండే ఆఫీసు వదిలి వచ్చేవాడు. మావాళ్ళు దీనిని సందేహించనైనా లేదు. మూడవ ఇంటి దర్జీ భార్య, "ఆ అమ్మి మొకం సూడండి, గునుపురం మొకం కాదేటి? మా సిన్నాడి అత్తోరి ఈదిలో పిల్లే గావాల. ఇందీ నేర్సుకుని పైకొచ్చింది" అని నిశ్చయంగా చెప్పేది. హిందీవారికి పనసపొట్టు తెలియదేమోనన్న ఊహ ఎవరికీ తట్టలేదు. లోకంలో ఎక్కడైనా సరే, కాపురం అన్నాక పనసపొట్టులో ఆవ పెట్టకుండా ఎలా జరుగుతుంది?

ఇక ఉప్పు సంగతి. వానాకాలం రాగానే, "పెంకు ఎక్కడ కారతంది?" అంటూ షావుకారు ఇల్లిల్లూ తనిఖీకి వచ్చేవాడు. తల పైకెత్తి పెంకులను చూసేవాడు కాదు. వంచి పొయ్యి మీది గిన్నెను చూసేవాడు. "ఉప్పు సరిపోనాదేటమ్మా? ఉండు, సూత్తాను" అని మూత తీసేవాడు. ఒక గరిటె ఉప్పుకు, ఒకటి పులుపుకు, ఒకటి కారానికి. ఇల్లు అతనిది; వద్దనే నోరు ఎవరికుంది? మేమున్నన్నాళ్ళూ ఒక్క పెంకు మారలేదు. ఒకనాడు మా అమ్మ, రాత్రి డ్యూటీ దిగి వచ్చే మా నాన్నకని ఎండురొయ్యలు వేసి వెదురుకొమ్ములు వండి ఉంచింది. నాన్న వచ్చేసరికి గిన్నె అడుగున పులుసు మరకలు మిగిలాయి. ఆయన పచ్చిమిరపకాయ కొరుక్కుని అన్నం తిని పడుకున్నాడు. అత్త ఆ గిన్నెను తోమి తోమి బోర్లించింది.

ఆ ఆదివారం తెర మీదికి ఒక లావుపాటి పెద్దమనిషి, చంకలో పేపరుతో వచ్చి కూర్చున్నాడు.

"ఈడెవులే? కొత్త గొంతు" అన్నది ముసలమ్మ.

"ఆ అమ్మికి మావ వరస పెద్దమ్మా."

"ఏటికొచ్చేడు?"

అత్త ఇంకొక ఆకు అందుకున్నది. "ఉప్పు సూడ్డానికి."

దర్జీ భార్య చటుక్కున షావుకారు వైపు చూసింది.

"సంకలో పేపరు కూడా తెచ్చుకున్నాడు పెద్దమ్మా. సూడగా మిగిలింది పొట్లం కట్టుకుపోడానికి."

మొట్టమొదట నవ్వినవాడు షావుకారు. తొడ చరుచుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, "ఓరి నాయనోయ్, ఏం మనిసిరా ఈడు! సిగ్గూ ఎగ్గూ నేదేటి ఈడికి!" అని ఊగిపోయాడు. అతడు నవ్వగానే మిగిలినవారికి అనుమతి దొరికింది. అటువంటి నవ్వు నేను మరెక్కడా వినలేదు. ఏళ్ళ తరబడి తమ గిన్నెల మూతలు ఎవరో తీస్తుంటే పక్కకు జరిగి నిలబడిన ఆడవాళ్ళ నవ్వు అది. షావుకారు భార్య గుమ్మంలో నిలబడి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది.

అతడు తన్ను గుర్తు పట్టలేదు. ఆ పైన ప్రతి వారమూ, "ఉప్పు మావ వచ్చేడేటి?" అని తానే ముందు అడిగేవాడు. తెరమీద ఫోను మోగితే, "ఇంకెవులు, ఉప్పు మావే. మూత తియ్యగానే వాసన తీగలోంచి ఎలిపోనాది" అనేది అత్త. పెద్దమనిషి కళ్ళజోడు తుడుచుకుంటే, "ఆవిరికి అద్దాలు మసకైపోనాయి. గిన్నెలోకి మరీ వొంగేడు" అనేది.

శనివారం నాడు ఆడవాళ్ళు ఒక్కొక్కరే అత్త దగ్గరికి వచ్చేవారు. ఆకులు అందిస్తున్నట్టు కూర్చుని గొంతు తగ్గించేవారు.

"అప్పా, నిన్న మూకుడు దగ్గర నిలబడి పకోడీలన్నీ మింగీసేడు. పిల్లగుంటలు ఏడుపు. ఈ వారం అది పెట్టీ" అనేది దర్జీ భార్య.

"నా సేతిలో ఏటుందే? ఈ వారం ఆడు తెరమీదికి రావాల గదా."

"రాకపోతే ఫోను సేయించీ!"

ఆ దినాలలో అత్తకు మా ఇంట చోటు పెరిగింది. అమ్మ ఆమెకు వేడి అన్నం ముందు పెట్టసాగింది. నాన్న, "ఏటప్పా, రేపేటి సెప్తావు?" అని నవ్వేవాడు. చాప గోడవారనుండి కొంత ముందుకు జరిగింది. ఆమె పాడుతుందని నాకు అప్పుడే తెలిసింది. వీటన్నిటికీ ఆధారం ఆదివారపు ఆ ఒక్క గంట. అది పోతే ఆమెకు ఏమీ లేదు. ఈ సంగతి వరసలో అందరికీ తెలుసు.

ఒక ఆదివారం షావుకారు, పెద్దబడి హిందీ మాస్టారిని అతిథిగా పిలిచి కుర్చీ వేయించాడు. ఆయన మంచివాడే, ఒడియా మనిషి, తెలుగు తడుముకుంటూ మాట్లాడేవాడు. ఆయన నవ్వినచోట మావాళ్ళు నవ్వలేదు. మావాళ్ళు దొర్లుతున్నచోట ఆయన తెల్లబోయి చూశాడు. తెరమీది పెద్దమనిషి ముఖం చేతులతో కప్పుకున్నాడు. "కూరలో ఉప్పు ఎక్కువైంది పెద్దమ్మా. అయినా గిన్నె ఒగ్గలేక ఏడుస్తన్నాడు" అన్నది అత్త.

"ఏటి మాస్టారూ, మీకు నవ్వు రాలేదేటి?" అన్నాడు షావుకారు, కళ్ళు తుడుచుకుంటూ.

"నవ్వు ఎందుకు? ఆయన కొడుకు పరీక్ష ఫెయిలు అయ్యాడని బాధ చెబుతున్నాడు."

"మరి ఉప్పో?"

"ఉప్పు? లుణ? ఆ మాటే లేదు. నేను ప్రతి వారమూ ఇంట్లో చూస్తాను. ఈ మనిషి ఉప్పు ఎప్పుడూ అడగలేదు."

షావుకారు నవ్వు ముఖం మీద ఉండగానే ఆరిపోయింది. "మరయితే ఆ ఉప్పు సూసేవోడెవుడు?" అన్నాడు. ఆ ప్రశ్న నిజంగానే అడిగాడు. పాపం, అతనికి అప్పటికీ తెలియదు. అప్పుడు గుమ్మంలో అతని భార్య, ఇన్నాళ్ళూ కొంగులో దాచుకున్నదంతా ఇక దాచలేక, పగలబడి నవ్వింది. ద్వారబంధం పట్టుకుని కిందికి జారిపోయి మరీ నవ్వింది. షావుకారు భార్యను చూశాడు. తిరిగి గోనెల మీది ఒక్కొక్క ముఖాన్నీ చూశాడు. చూసిన ప్రతి ముఖమూ కిందికి వాలింది. లేచి టీవీ కట్టేశాడు.

సాయంకాలం మా గుమ్మంలోకి వచ్చాడు. మా నాన్న నీళ్ళ టాంకీ దగ్గర పనివాడు, లేచి నిలబడ్డాడు. "వొచ్చే ఆదివారం మీ అప్ప మాస్టారి ఎదర కూకుని, ఉన్నది ఉన్నట్టు, మాటకి మాట సెప్పాల. అందరూ ఇనాల. నేకపోతే ఇల్లు కాళీ సెయ్యి" అన్నాడు. పొయ్యి వైపు చూడనైనా చూడలేదు.

అతడు వెళ్ళగానే నాన్న అత్త మీద విరుచుకుపడ్డాడు. "ఒక్క గంట నోరు మూసుకోలేకపోనావా అప్పా? ఈ వానల్లో పిల్లల్నట్టుకుని ఎక్కడికెల్లమంతావు?"

"మూసుకోమనడం నేదురా. ఇప్పమంతన్నాడు" అన్నది అత్త.

"నవ్వులాటా నీకు?"

"నాకు కాదు. నిన్నటిదాకా మీ అందరికీ."

అమ్మ ఆ రోజు వేడి అన్నం నాన్నకే ముందు పెట్టింది.

మరునాడు ఉదయం కుళాయి దగ్గర నేను బిందె పట్టుకుని వరసలో ఉండగానే, దర్జీ భార్య షావుకారుకు ఎదురు వెళ్ళి చేతులు కట్టుకున్నది. "మాకేటి తెల్సు బాబూ! ఇందీయో గిందీయో. ఆవిడ సెప్పింది, మేం నవ్వేం. పకోడీలు తిన్నారని మేమనుకుంటామేటి? మీ ఇల్లు, మీ తిండి." మిగిలినవారు బిందెలు పట్టుకుని తలలూపారు. అది విన్నప్పుడు నా ఒంట్లో పుట్టిన మంట నేటికీ ఆరలేదు. అప్పుడు దానికి పేరు తెలియని వయసు నాది. ఆ తరువాత ఎన్నో కావ్యాలు చదివాను. క్రోధానికి వాటిలో చెప్పిన లక్షణాలన్నీ ఆ కుళాయి దగ్గరే నేర్చుకున్నాను.

ఆదివారం వచ్చింది. వరస అంతా వచ్చి కూర్చుంది. మా నాన్న ముందు గోనె మీద, నేను ఆయన పక్కన. మాస్టారు కుర్చీ అంచున, ఏదో తప్పు చేసినవానివలె ఒదిగి ఉన్నాడు. అత్త చేతిలో ఆ రోజు విస్తరి లేదు. ఒట్టి చేతులు ఒడిలో పెట్టుకున్నది.

"ఆమె, టీ చల్లారిపోయింది అన్నది. ఆయన, ఫరవాలేదు అన్నాడు. ఆమె, మరల వెచ్చచేస్తాను అన్నది. ఆయన, వద్దు, నాకు ఆఫీసుకు వేళ అయింది అన్నాడు."

మాస్టారు ఆశ్చర్యపడి తల ఊపాడు. ఒక్క మాట తప్పలేదు. ఆమెకు హిందీ ఎంత బాగా వచ్చునో ఆ దినం వరకు ఎవరికీ తెలియదు. మాటకు మాట, పలుకుకు పలుకు, తాసులో తూచినట్టు చెబుతూ పోయింది. ఆ సీరియలులో ఎంత తక్కువ ఉన్నదో కూడా ఆ దినమే తెలిసింది. ఆవులింతలు మొదలయ్యాయి. పిల్లలు ఒకరినొకరు గిల్లుకోసాగారు. షావుకారు తలుపు పక్కన నిలబడి చేతులు కట్టుకుని వింటున్నాడు. ముసలమ్మ మాత్రం చెవి అత్త వైపు తిప్పి, నోరు తెరుచుకుని, ఇంకా ఏదో వస్తుందని ఎదురు చూస్తున్నది. జరిగినదేదీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలంటే కొడుకు సంగతి చెప్పాలి గదా.

"ఓలమ్మీ! ఉప్పు మావ రాలేదేటే ఈ వారం?" అన్నది.

షావుకారు గోడ వైపు తిరిగాడు. తెరమీద సరిగ్గా అప్పుడు ఆ పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. అత్త మాస్టారి వైపు చూసింది. మాస్టారు తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"వచ్చేడు పెద్దమ్మా. పేపరు సదువుతున్నాడు."

"సదువుతున్నాడా? ఆడా?" ముసలమ్మ బోసినోరు విప్పి గలగలా నవ్వింది. "పకోడీలు కట్టుకోడానికి తెచ్చుకున్న పేపరు ఆడికి సదవడం కూడా వొచ్చేటే!"

నేను నవ్వాను. గట్టిగానే నవ్వాను. మా నాన్న అరచేయి నా నోటిమీద పడింది. బ్లీచింగు పొడి వాసన వేసే ఆ చేయి నా నవ్వును లోపలికి నెట్టింది. మరి ఎవరూ నవ్వలేదు. అంతకన్న నవ్వు రాదగిన మాట ఆ వసారాలో ఎన్నడూ పుట్టలేదు, పుట్టించినది షావుకారు కన్నతల్లి. ఇద్దరు పెద్దవాళ్ళు నవ్వి ఉంటే చాలు, వరస అంతా నవ్వేది. అంతమందిని ఒక్కసారి ఇళ్ళనుండి వెళ్ళగొట్టడం ఏ షావుకారుకు సాధ్యం? దర్జీ భార్య పెదవి కొరుక్కున్నది. మా అమ్మ గోనె పీచు పీకుతూ కూర్చున్నది.

ముసలమ్మ నవ్వు తగ్గింది. చెవి ఇటు తిప్పింది, అటు తిప్పింది. "ఏటర్రా?" అన్నది. "అందరూ ఎల్లిపోనారేటి?"

ఎవరూ వెళ్ళలేదు. ఎవరూ పలకనూ లేదు.

ఆ నిశ్శబ్దంలో టీవీ పెట్టెలోనుండి ఒక నవ్వు వినిపించింది. ఎక్కడో ఎవరో ఎప్పుడో నవ్వి పెట్టిన నవ్వు. ప్రతి వారమూ అది ఉన్నదే. అత్త గొంతు కింద, మా అల్లరి కింద పడి ఇన్నాళ్ళూ మాకు వినబడలేదు. ఇది క్షేమమైన నవ్వని వరసకు తోచింది కాబోలు. దర్జీ భార్య దానితో కలిసి నవ్వింది. ఆ వెనుక పక్కింటి బస్సు కండక్టరు, ఆ వెనుక మా నాన్న, ఆ వెనుక అందరూ. దేనికి నవ్వుతున్నారో ఒక్కరికీ తెలియదు. అత్త లేచింది. దారి ఇవ్వడానికి మోకాళ్ళు ముడుచుకున్నారే గాని, తెరమీదినుండి కన్ను తిప్పినవారు లేరు. ఆ పైని ఆదివారాలలో కూడా, పెట్టె నవ్వినప్పుడల్లా నవ్వడం వారికి అలవాటైపోయింది.

వానలు తగ్గకముందే అత్త నందపూర్ వైపు ఒక ఆడపిల్లల హాస్టలులో వంటకు కుదిరి వెళ్ళిపోయింది. తమ్ముడి ఇంటికి మరల రాలేదు. నేను కాలేజీలో చేరిన తరువాత ఒకసారి చూడబోయాను. పెద్ద డేగిసాలో పప్పు కలుపుతున్నది. ఆవరణలో దేశియా మాట్లాడే కొండపిల్లలు వరసగా కూర్చుని పళ్ళేలు వాయిస్తున్నారు.

"వీళ్ళకేమైనా చెబుతావా అత్తా, అప్పట్లోలాగ?" అని అడిగాను.

"నేదమ్మి. కూడొండి పెడతన్నాను. సాలదేటి?"

"ఆ షావుకారు వలననే గదా?"

ఆమె గరిటె ఆపి నన్ను చూసింది. "ఆడేటి సేసేడే? ఆణ్ణి నవ్వులపాలు సేసేను, ఆడికి కోపమొచ్చింది. నాయమే గదా? ఆ రోజు నాను మాటకి మాట సెప్తన్నంతసేపూ మన వరసోల్లకేసి సూస్తనే ఉన్నానమ్మి. ఒక్కలేనా తలెత్తుతారేమోనని."

ఇంతకంటె ఆమె ఎన్నడూ చెప్పలేదు. పప్పులో ఉప్పు వేసి, రుచి చూడకుండానే దింపింది.

ఆమె పోయింది. మా నాన్నా పోయాడు. ఆ పెంకుటిళ్ళ స్థానంలో ఇప్పుడు దుకాణాలు లేచాయని విన్నాను. షావుకారును క్షమించానని నేను అనను. కాని అతని కోపం నాకు అర్థమవుతుంది. అర్థం కానిది, దారి ఇవ్వడానికి ముడుచుకున్న ఆ మోకాళ్ళ వరస. వారెవరూ దుర్మార్గులు కారు. పండగకు మాకు అరిసెలు పంపినవారు, నాకు జ్వరం వస్తే తడిగుడ్డ వేసినవారు. ఒక్క నవ్వు నవ్వవలసి వచ్చిన దినాన, అది ఒక మనిషిని నిలబెట్టేదని తెలిసిన దినాన, నోళ్ళు మూసుకున్నారు. నవ్వే పిల్ల నోరు కూడా మూశారు. వారి బిడ్డలు నేడు నన్ను వేదిక ఎక్కి ఆ నవ్వులను పొగడమంటున్నారు. ఏ నవ్వులను పొగడమంటారో ముందు వారిని తేల్చుకోమనండి.